ఊపిరి మిషనుకు సెలవు రోజు

బెంగళూరు బళేపేటలో గాజుల అంగళ్ళు వరసగా ఉంటాయి, ఒకదాని తలుపు ఇంకొకదాని తలుపును రాసుకుంటూ. అయినా అంజినమ్మ అంగడిని కళ్ళు మూసుకుని కనుక్కోవచ్చునని పేటలో అనేవాళ్ళు. ఆమె నోటి ధాటి అలాంటిది. ఆటో సందు మొదట్లో ఆగుతుండగానే ఆ గొంతు వినిపించేది. "రా తల్లీ రా, చూసినంత మాత్రాన చెయ్యేమీ అరిగిపోదు, ఇట్లియ్యి" అని తెలుగులో మొదలుపెట్టి, ఎదుటి మొహం చూసి కన్నడంలోకి దిగి, అక్కణ్ణుంచి అరవంలోకి దూకి, ఆఖరికి ఏ ఊరి భాషో ఆమెకే తెలియని మాటలతో బేరం తెంపేది.

గాజులు అమ్మడం ఎవరికైనా వస్తుంది, తొడగడమే విద్య. చెయ్యి బిగబట్టిన మనిషికి గాజు ఎక్కదు, ఎక్కినా చర్మం గీరుకుంటుంది. చెయ్యి వదులు కావాలంటే మనిషి ధ్యాస చేతి మీద ఉండకూడదు. అందుకని అంజినమ్మ ఒక కథ ఎత్తుకునేది. బాగేపల్లిలో ఆమె మేనత్త ఒకావిడ, తనను పెళ్ళిచూపులు చూడటానికి వచ్చినవాళ్ళను దొంగలనుకుని మేకల దొడ్లోకి తోలి గొళ్ళెం పెట్టిందట. దొడ్లో ఒక మేక పెళ్ళికొడుకు పంచె నమలడం మొదలుపెట్టే చోటికి కథ వచ్చేసరికి, ఎదురుగా కూర్చున్న మనిషి విరగబడి నవ్వుతూ ఉండేది. ఆ నవ్వు తగ్గాక చూసుకుంటే మణికట్టు మీద డజను గాజులు ఉండేవి. అవి ఎప్పుడు ఎక్కాయో ఆమెకు తెలిసేది కాదు.

అలాంటి కథ మేకల దొడ్డి దాకా పోకుండానే ఆగిపోవడం మొదలైంది. మొదట దగ్గు అనుకున్నారు. తరువాత వయసు అనుకున్నారు. చివరికి అంగడి మీదున్న మేడకు నాలుగు మెట్లు ఎక్కి కూలబడిపోతుంటే, కొడుకు హేమంత్‌కుమార్ ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు గొట్టంలోకి ఊదమన్నాడు. చక్కగా కట్టుకున్న చీర నలగకుండా అంజినమ్మ సుతారంగా ఊదింది. ఇంకా గట్టిగా ఊదమన్నాడు. ఇంతకంటే గట్టిగా రాదని ఆమె తల ఊపింది.

"ఊపిరితిత్తులు పొగతో దెబ్బతిన్నాయమ్మా" అన్నాడు డాక్టరు.

"సామీ, నేను బీడీ తాగేదాన్ని కాదు. మా ఇంట్లో యెవురూ తాగరు."

"బీడీ తాగకపోతే ఏమమ్మా, ఇన్నేళ్ళూ పొయ్యి తాగితివి కదా."

ఆ మాట నిజమే. పుట్టింట్లో లక్క గాజులు చేసేవాళ్ళు. చిన్నప్పటి నుంచీ బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్కను కాచి సాగదీసింది ఆమే. పెళ్ళయి బెంగళూరుకు వచ్చాక చాలాకాలం కట్టెల పొయ్యే. గ్యాసు వచ్చేటప్పటికి లోపల జరగాల్సింది జరిగిపోయింది. ఇక మందులతో పాటు ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోవాలనీ, రాత్రంతా, పగట్లో కూడా సగానికి పైగా అది ముక్కుకు ఉండాలనీ డాక్టరు చెప్పాడు. రెండు వేల నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఆ మిషను వాళ్ళ మేడ మీదికి ఎక్కింది.

చిన్న బీరువా అంత ఎత్తుంటుంది, కింద చక్రాలు. గదిలో ఉన్న గాలినే లోపలికి లాక్కుని, అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి, నీళ్ళ బాటిల్లో బుడబుడమనిపించి, సన్నటి పైపు గుండా ముక్కులోకి పంపుతుంది. అంజినమ్మ మొగుడు వెంకటరాయప్ప దాని చుట్టూ తిరిగి చూశాడు. "గాలీ మనదే, కరెంటూ మనదే. కూర్చోని గురకపెట్టేదానికేనా దీన్ని తెచ్చినారు?" అన్నాడు. అయినా మర్నాటి నుంచి దానికి సేవకుడు ఆయనే అయ్యాడు.

సేవ నేర్పింది కోడలు హరిణి. కాకినాడ పిల్ల, బ్రూక్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అత్తమామలు మాట్లాడే బెంగళూరు తెలుగు ఆమెకు సగం అర్థమయ్యేది, ఆమె మాట్లాడే ఇంగ్లీషు తెలుగు వాళ్ళకు సగం అర్థమయ్యేది. ఆ రెండు సగాలతోనే కాపురం హాయిగా సాగిపోయింది. "మామయ్యా, ఫ్లో ఎప్పుడూ టూ మీదే ఉండాలి. అత్తయ్యకి ఆయాసం వచ్చింది కదా అని పెంచేయకూడదు. ఈ డిసీజ్‌లో ఎక్కువ ఇస్తే ఇంకా డేంజర్, మత్తుగా అయిపోతారట, డాక్టర్ స్ట్రిక్ట్‌గా చెప్పారు. రూమ్‌లో దీపం, అగరబత్తి, కర్పూరం నో. ముక్కుకి నూనె, వ్యాజిలీన్ నో." వెంకటరాయప్ప దాన్ని రెండుసార్లు చెప్పించుకుని మూడోసారి తానే అప్పజెప్పాడు. స్తోత్రంలా కంఠతా పట్టాడు.

ఆయన తత్త్వమే అంత. నియమం అని ఒకటి చెవిన పడితే చాలు, దాన్ని అంటిపెట్టుకుని బతికేస్తాడు. దేవుడి గూడు అదే గదిలో ఉంది, దీపం పెట్టకూడదన్నారు గనక దేవుళ్ళందరినీ పటాలతో సహా కింద అంగడిలోకి దింపాడు. పైపు తగిలించుకుని పొయ్యి దగ్గరికి పోకూడదన్నారు గనక వంట తానే మొదలుపెట్టాడు. ఆ సాంబారు తిని అంజినమ్మ, "దీనికంటే పొగే మేలుగా ఉండె" అంది. పరామర్శకు వచ్చిన బావమరిది జేబులో అగ్గిపెట్టె ఉందని ఆయన్ను మెట్ల మీదే నిలబెట్టి జేబులు తడిమాడు. ఆ బావమరిది మళ్ళీ రాలేదు. నీళ్ళు కాచి చల్లార్చి బాటిల్లో పోయడం, మిషనులో దుమ్ము పట్టే జల్లెడ కడిగి ఆరబెట్టడం, పైపు తలుపు సందులో నలగకుండా చూడటం, అన్నీ ఆయనే. మిషను సంగతిలో ఆయన్ను పట్టుకోవడానికి హరిణికి ఒక్క తప్పూ దొరకలేదు.

ఇక అంజినమ్మ సంగతి. పైపు పెట్టుకుంటే ఆమెకు సుఖంగానే ఉండేది. నిద్ర పట్టింది, పొద్దున్నే తలనొప్పి పోయింది, మాట సాగింది. కానీ ఆ పైపుతో ఒకరి కంట పడటమంటే ప్రాణం పోయినట్టుండేది. గాజుల పని అంటే శుభం పని. పెళ్ళికూతురి చెయ్యి, కడుపుతో ఉన్న పిల్ల చెయ్యి ముందు ఆమె చేతిలోకే వస్తాయి. ముక్కుకు గొట్టం పెట్టుకుని దగ్గే ముసలిదానికి ఏ తల్లి తన బిడ్డ చెయ్యి ఇస్తుంది? క్షయ అనుకుంటారు, అపశకునం అనుకుంటారు, పక్క అంగడికి పోతారు. ఒకసారి పోయిన చెయ్యి తిరిగి రాదు. ఈ భయం ఆమె మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పేటలో మాత్రం మోకాళ్ళ నొప్పులని చెప్పించింది. అంతే, బళేపేట అంతా కదిలింది. ఒకరు నువ్వుల నూనె కాచి పంపారు, ఒకరు మైసూరు నుంచి తైలం తెప్పించారు, పక్క హార్డ్‌వేర్ అంగడి ఫయాజ్ ఒంటె కొవ్వుతో చేసిన లేపనమని ఏదో సీసా పంపాడు. గదిలో నూనె ఉండకూడదు గనక వెంకటరాయప్ప అవన్నీ మెట్ల కింద పేర్చాడు. అక్కడొక చిన్న మందుల అంగడి తయారయింది.

కింద అసలు అంగడి సంగతి చెప్పనక్కర్లేదు. వెంకటరాయప్ప పరాయి ఆడవాళ్ళ చెయ్యి పట్టుకునే మనిషి కాడు. గాజుల పెట్టె చాపి, కళ్ళు పైకప్పుకు అతికించి, "మీరే తొడుక్కోండమ్మా" అనేవాడు. వచ్చినవాళ్ళు "అంజినమ్మ యాడప్పా?" అని అడిగి, రెండు నిమిషాలు కూర్చుని లేచిపోయేవాళ్ళు. మేడ మీద కిటికీ పక్కన, తెర చాటున, ముక్కుకు పైపుతో అంజినమ్మ ఇదంతా వినేది. కిందికి ఒక మాట విసరాలని నాలుక లాగేది. విసిరితే తల పైకెత్తి చూస్తారని ఊరుకునేది. అన్ని నెలలు ఊరుకోవడం ఆమె జన్మలో ఎరగదు.

దసరా వచ్చింది. బెంగళూరులో ఆయుధ పూజంటే తెలియనిది కాదు. ఆ రోజు బస్సులకు అరటి కొమ్మలు, ఆటోలకు బంతి దండలు, లేతు మిషన్లకు కుంకుమ బొట్లు, రోడ్ల మీద బూడిద గుమ్మడికాయల ముక్కలు, ఎటు చూసినా బొరుగుల మూటలు. హెబ్బగోడిలో హేమంత్‌కుమార్ పనిచేసే ఫ్యాక్టరీలో పెద్ద పూజ, అతను తెల్లవారుజామునే పోయాడు. హరిణి ఆఫీసులో కంప్యూటర్లకు పూజ ముందురోజే అయిపోయింది, నవమి నాడు ఆమెకు డ్యూటీ. ఇంట్లో మిగిలింది ముసలివాళ్ళిద్దరే.

వెంకటరాయప్ప ఇంట్లో ఆయుధ పూజకు ఒక కట్టుబాటు ఉంది. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు విజయదశమి దాకా ముట్టకూడదు. ఏడాదంతా మనకు చాకిరీ చేసిన వస్తువుకు అదొక్కటే సెలవు. కత్తిపీట పూజలో ఉంటుంది గనక ఆ రోజు ఆ ఇంట్లో తరిగిన కూర ఉండదు. కత్తెర ఉంటుంది గనక బట్ట తెగదు. ఒక ఏడు అంగడి బీగాన్ని, తాళంచెవులతో సహా పూజలో పెట్టేసి, ఆ రాత్రంతా అంగడి తలుపుకు అడ్డంగా తానే చాప వేసుకుని పడుకున్నాడు. ఆయన నియమం అలాంటిది.

నవమి పొద్దున్న తలస్నానం చేసి, తడి పంచెతో మేడెక్కి, ఆయన మిషను ముందు నిలబడ్డాడు. చేతిలో బంతిపూల దండ, కుంకుమ భరిణె.

"ఏమే, అందరి కంటే ఎక్కువ చాకిరీ చేసింది ఈ యమ్మే. రేయీ పగలూ నిలపకుండా పనిచేస్తాండాది. కత్తిపీటకి ఇచ్చే సెలవు దీనికి ఇయ్యకుంటే ఎట్ల?"

అంజినమ్మ ఆయన వంక చూసింది. తప్పని చెప్పవలసింది ఆమే. చెప్పలేదు. ఒక రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, ముక్కుకు ఏమీ లేకుండా, పండగ పూట, పట్టుచీర కట్టుకుని కిందికి దిగి తన గద్దె మీద తాను కూర్చోవచ్చు. ఆ ఆశ ఆమె గుండెలో ఎంత గట్టిగా ఎగిరిందంటే, నోరు దానంతటదే, "అవును, ఇయ్యల్ల. పాపం, దానికీ బేజారు కాదా?" అంది.

"రేపు తెల్లారితో మళ్ళా వేస్తాం."

"వేస్తాం లెండి. ఒక్క దినానికి ఏమైతాది?"

చూశారా, ఇద్దరికీ కావలసింది ఒకటే అయినప్పుడు మనుషులు ఎంత తొందరగా రాజీపడతారో! ఆయన మిషనును కట్టేశాడు. గురక ఆగింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండ వేశాడు. దీపం వెలిగించలేదు, కర్పూరం వెలిగించలేదు, నూనె చుక్క దగ్గరికి రానివ్వలేదు. కరెంటు పోయినప్పటి కోసం మూలన ఉంచిన ఇనుప సిలిండరుకు కూడా దండ వేసి, హరిణి చెప్పిన నియమాల్లో ఒక్కటీ తప్పలేదని తృప్తిపడ్డాడు. ఆపేయకూడదనే మాట హరిణి చెప్పనేలేదు. ఊపిరి పోసే మిషనుకు సెలవిస్తారని ఏ కాకినాడ పిల్లకు తోస్తుంది?

అంజినమ్మ ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి దిగింది. అంగడిలో దేవుళ్ళకు మంగళహారతి, సాంబ్రాణి పొగ మబ్బుగా కమ్మి ఉంది. ఆ పొగలోంచి పట్టుచీరతో ఆమె బయటికి వచ్చేసరికి సందు సందంతా ఒక్కసారి అరిచింది. ఫయాజ్ తన అంగడి వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా! మోకాలు మంచిగైందా? ఆ లేపనమే గదా పనిచేసింది?" అన్నాడు. "నీ ఒంటే పనిచేసిందప్పా" అంది అంజినమ్మ, అందరూ నవ్వారు. ఇక ఆగింది లేదు. నవరాత్రి పేరంటాలకు గాజులు కావలసినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి మూగారు. ఆమె ఈ చెయ్యి వదిలి ఆ చెయ్యి అందుకుంటూ, బొరుగులు పంచుతూ, కథ మొదలుపెట్టింది. మేకల దొడ్డి, గొళ్ళెం, పంచె. నవ్వులతో అంగడి అద్దాలు కదిలాయి.

ఆ జనంలోనే పద్మావతి వచ్చింది, తన కూతురు మునిలక్ష్మిని వెంటబెట్టుకుని. కూతురికి ఏడో నెల, వచ్చే వారం సీమంతం. ఈ మునిలక్ష్మి కడుపులో ఉన్నప్పుడు పద్మావతికి సీమంతం గాజులు తొడిగింది అంజినమ్మే. ఆ చేతి చలవ మంచిదని, ఆమె అంగట్లో లేదని తెలిసీ ఇప్పటికి రెండుసార్లు వచ్చి పోయింది పద్మావతి. ఈ రోజు దొరికిందని ఆమె మొహం వెలిగిపోయింది. తల్లీకూతుళ్ళు బల్ల మీద కూర్చుని వంతు కోసం చూస్తున్నారు.

అంజినమ్మకు ఒళ్ళు తేలిపోతోంది. ఉయ్యాల ఊగుతున్నట్టు హాయిగా ఉంది. ఎన్నేళ్ళ తరువాతో ఇంత సంతోషం అనుకుంది. నవ్వొస్తోంది, ఎందుకో తెలియకుండానే నవ్వొస్తోంది. ఫయాజ్ చెయ్యి పట్టి లాగి రెండు ఎర్ర గాజులు తొడిగేసింది. వెంకటరాయప్ప చెవికి ఒకటి తగిలించబోయింది. కథలో పెళ్ళికొడుకు మేకయ్యాడు, మేక మేనత్తయ్యింది, మేనత్త పంచె కట్టుకుంది. ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వారు. కథ దారి తప్పిందని ఎవరికీ అనిపించలేదు.

"చూడప్పా ఫయాజూ" అంది ఆమె, నీలం గాజుల పెట్టె మీద తన చెయ్యి పరిచి. "నా గోళ్ళు చూడు. ఎంత మ్యాచింగు అయినాయో!"

ఫయాజ్ చూశాడు. గోళ్ళు నేరేడు పండు రంగులో ఉన్నాయి. తల ఎత్తి పెదవులు చూశాడు. నవ్వు అతని మొహం మీద అట్లాగే ఆగిపోయింది. "అమ్మా?" అన్నాడు. అంజినమ్మ ఏదో చెప్పబోయి, వెనక బీరువాకు ఆనుకుని, గాజుల పెట్టెల మధ్య మెల్లిగా జారిపోయింది.

కేకలు లేచాయి. వెంకటరాయప్ప ఆమె మొహం మీదికి వంగి, "మిషనూ... మిషనూ" అన్నాడు. అప్పటికి గాని ఆయనకు తాను చేసిన పని ఏమిటో తలకెక్కలేదు. ఫయాజ్ మొబైల్ తీసి హరిణికి కలిపాడు. ఈయన పంచె ఎగ్గట్టి మెట్లు ఎక్కాడు. ఆ వయసులో మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం ఆయన్నే చూడాలి.

మిషను ముందు మాత్రం ఒక్క క్షణం ఆగాడు. పసుపు, కుంకుమ, దండ. జన్మలో పూజలో పెట్టిన వస్తువును గోరుతో కూడా తాకనివాడు. ఆయన చేతులు జోడించాడు. "తల్లీ, నీ పూజ కావల్లంటే మళ్ళా చేస్తా, నూటొక్క కాయలు కొడతా. దీనికి ఊపిరి ఇప్పుడే కావల్ల" అని గట్టిగా అరిచి, దండ మీదుగానే స్విచ్చి నొక్కాడు. మిషను ఒకసారి కీచుమని అరిచి గురక అందుకుంది.

ఇక పైపు. ఇంట్లో తిరగడానికని ఇచ్చిన పొడవాటి పైపు అది, వంటిల్లు దాటి స్నానాల గది దాకా పోతుంది. ఆమెను మెట్లెక్కించడం అయ్యే పని కాదు, మిషనునూ ఇనుప సిలిండరునూ దింపడం అంతకంటే కాదు. వెంకటరాయప్ప తెర లాగేసి, కిటికీలోంచి పైపును సందులోకి జారవిడిచాడు. ఫయాజ్ స్టూలెక్కి అందుకున్నాడు, ఒక చేతిలో ఫోను, మణికట్టు మీద ఎర్ర గాజులు.

"ఐదు మీద పెట్టనా?" అని పైనుంచి అరిచాడు వెంకటరాయప్ప. "ఐదు పెడితే జల్దీ తేరుకుంటాది!"

ఫోనులో హరిణి ఏడుస్తూనే కేక వేసింది. "నో, నో మామయ్యా! టూ! ఓన్లీ టూ! అంబులెన్స్‌కి నేను కాల్ చేస్తున్నా!"

"రెండే!" అని ఫయాజ్ అరిచాడు. "రెండే! రెండే సామీ, రెండే!"

పండగ బేరాలకు వచ్చిన సందంతా, ఇంత గొంతు చించుకుని రెండుకు ఏమి అమ్ముతున్నారోనని ఆగి చూసింది. గాజుల అంగడి ముందు క్షణంలో తీర్థం కూడింది.

ఎవరో దేవుళ్ళ ముందున్న దీపాలు, సాంబ్రాణి బయటికి తీసుకుపోయారు. ఆ బుద్ధి పుట్టినవాళ్ళు చల్లగా ఉండాలి. హరిణి ఫోనులో చెప్పినట్టే ఫయాజ్ ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి, పైపు ముక్కుకు పెట్టి, చెవుల వెనక్కి తగిలించాడు. పైపుకు చిక్కుకుని వచ్చిన నాలుగు బంతిపూలు ఆమె మెడలో పడ్డాయి. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, ఆమె ఒక్కతే పీల్చింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. పెదవుల రంగు మెల్లిగా తిరిగింది. వెంకటరాయప్ప కిందికి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, పండగ పూట నలుగురిలో బావురుమని ఏడ్చాడు.

అంజినమ్మ కళ్ళు తెరిచింది. మొదట మొగుణ్ణి చూసింది. తరువాత జనాన్ని చూసింది. చెయ్యి ముక్కు దగ్గరికి పోయి పైపును తాకింది. అప్పుడామెకు అర్థమైంది. ఇన్నాళ్ళూ తెర చాటున దాచిన దాన్ని బళేపేట అంతా నిలబడి చూస్తోంది. లాగి పారేద్దామా అనిపించింది. ఊపిరి ఒప్పుకోలేదు.

"మోకాళ్ళ నొప్పంటిరి కదా?" అన్నారెవరో వెనక నుంచి.

పద్మావతి బల్ల మీద నుంచి లేచింది. కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "ఇంకొక దినం వస్తాంలే అంజినమ్మా. నువ్వు రెస్టు తీసుకో" అంది, కళ్ళు ఎటో పెట్టి. ఆ ఇంకొక దినం ఎన్నటికీ రాదని అంజినమ్మకు తెలుసు. ఇన్నాళ్ళూ కిటికీ పక్కన కూర్చుని ఆమె భయపడింది సరిగ్గా ఈ మాటకే.

"పద్మావతీ, ఒక్క మాట" అంది. గొంతు సన్నగానే ఉంది, కానీ తెగలేదు. "మోకాళ్ళు కాదమ్మా, అబద్ధం చెప్పించినా. ఊపిరితిత్తులు చెడినాయి, పొగకి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటే జబ్బు కాదు. ఈ పైపుంటే మాట వస్తాది. మాట లేకుంటే గాజు తొడిగేది నాకు రాదు. ఇంతే ఉండేది. నీ బిడ్డ శుభం నాకూ కావల్ల. పొయ్యేదుంటే పో, నేను తప్పు పట్టను."

పద్మావతి చెయ్యి కూతురి భుజం మీదే ఉంది. కూతురు మాత్రం లేవలేదు. ఆ పిల్ల అంజినమ్మ ముక్కునూ, పైపునూ, పైన కిటికీనీ ఒకదాని తరువాత ఒకటి చూసింది.

"అవ్వా" అంది మునిలక్ష్మి. "ఈ నెలల్లో నాకే ఊపిరాడేది లేదు. నాలుగడుగులేస్తే ఆయాసం. ఇంకొక పైపు ఉండాదా, నాకూ పెడతావా?"

ఫయాజ్ ముందు నవ్వాడు. తరువాత సందంతా నవ్వింది, ఆగకుండా, పండగ పగ్గాలు తెంచుకున్నట్టు. వెంకటరాయప్ప ఏడుస్తూ నవ్వాడు. పద్మావతి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ కూర్చుంది. "ముందు ఆంబులెన్సు వచ్చి డాక్టరు చూడనీ, గాజులకేమి తొందర" అని కసిరింది కూతుర్ని. కానీ ఆ కసురులో కోపం లేదు.

"అది వచ్చేలోపల రెండు తొడిగించుకుంటా" అని మునిలక్ష్మి చెయ్యి చాపింది. అంజినమ్మ ఆ చెయ్యి అందుకుంది. వెచ్చటి చెయ్యి. తన చెయ్యే మంచులా ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. చలి తగులుతుందేమోనని వదలబోయింది. మునిలక్ష్మి వదలనివ్వలేదు. ఎన్నో వేల చేతులు పట్టుకున్న ఆ చేతిని ఆ పిల్ల తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, గోళ్ళకు ఎరుపు వచ్చేదాకా మెల్లిమెల్లిగా రుద్దుతూ కూర్చుంది.